వేరే దేశం ల్యాబ్ మా శాంపిల్స్ అన్నీ పంపమంటోంది, పంపేముందు ఏం చూసుకోవాలి?

తడిచేయి
అందరికీ నమస్తే. బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో మూడో ఏడు పీహెచ్‌డీ నాది. కిడ్నీ జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ల ప్లాస్మా (రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవం) మీద పని. రెండేళ్లు తెల్లారకముందే ఓపీకి పోయి ఒక్కో ట్యూబు పట్టుకొచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, విడగొట్టి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టుకున్నా, 312 మందివి, మనిషికి నాలుగు ఆలిక్వాట్లు (చిన్న ట్యూబుల్లో పంచిన వాటాలు) చొప్పున. ఇప్పుడు మా గైడ్ సార్‌కి ఒక కాన్ఫరెన్స్‌లో పరిచయమైన పెద్ద ల్యాబ్, వేరే దేశంలో, మెయిల్ పెట్టింది. మీ దగ్గరున్నవన్నీ పంపండి, మా మాస్ స్పెక్‌లో ప్రోటియోమిక్స్ చేస్తాం, అంటే అందులో ఏ ప్రోటీన్లు ఎంతున్నాయో కొలుస్తాం, పేపర్లో మీ పేర్లు వేస్తాం అని. సార్ గాల్లో తేలిపోతున్నారు, వచ్చే వారమే పంపేద్దాం అంటున్నారు. నాకూ సంతోషంగానే ఉంది కానీ లోపల ఎక్కడో పీకుతోంది. మా డిపార్ట్‌మెంట్‌లో ఇంతకుముందు ఇలా బయటికి పంపినవాళ్లు లేరు, అడుగుదామంటే దిక్కులేదు. ఏమేం చూసుకోవాలో కాస్త చెప్పండి.

దూకుడు
పంపేయ్ తమ్ముడూ. ఇలాంటి మెయిల్ కోసం ఏళ్లకేళ్లు కాచుకు కూర్చున్నవాళ్లు ఉన్నారు. సైన్స్ అంటే పంచుకోవడమే కదా. మనిషి డీఎన్‌ఏ మొత్తం చదివిన హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్ట్ చూడు, 1990లో మొదలెట్టి 2003కి ముగించారు, ఆరు దేశాల్లో 20 సెంటర్లు కలిసి చేశాయి. ఒక్కోడూ నాది నాది అని పట్టుకుని కూర్చుంటే అయ్యేదా అది?

మైనస్ఎనభై
దూకుడు గారూ, ఆ ప్రాజెక్ట్ నడిపినవాళ్లు 1996లో బెర్ముడాలో కూర్చుని, తయారైన సీక్వెన్స్ 24 గంటల్లో బయటపెట్టాలని ముందే ఒప్పుకున్నారు. ఊరికే పంచుకోలేదు, రూలు రాసుకుని పంచుకున్నారు. తేడా ఉంది.

తడిచేయి, నేను ఫ్రీజర్ రూమ్ చూసుకునే మనిషిని, పదకొండేళ్లుగా ఇదే పని. మొదటి మాట, అన్నీ పంపొద్దు. నాలుగు ఆలిక్వాట్లలో రెండు కదలకూడదు, అవి నీ ఫ్రీజర్లోనే ఉండాలి, ఎవరు ఎంత బతిమాలినా సరే. రెండో మాట, ముందు ఒక 20 పంపు, పైలట్ అనుకో, రిహార్సల్ అనుకో. అవి క్షేమంగా చేరాక మిగతావాటి సంగతి.

ఎందుకు చెప్తున్నానంటే మా దగ్గర ఒకసారి ఒక పెట్టె గురువారం సాయంత్రం బయల్దేరింది. శనివారం పొద్దున అటు ఎయిర్‌పోర్ట్‌లో దిగింది. ఇన్‌వాయిస్‌లో మావాళ్లు "బయోలాజికల్ శాంపిల్స్" అని మాత్రమే రాశారు, మనిషివా జంతువువా, అంటురోగం ఉన్నవా లేనివా, అమ్మకానికా కాదా ఏమీ లేదు. కస్టమ్స్‌లో ఆపేశారు. ఆదివారం ఎవరూ లేరు, సోమవారం సెలవు. మంగళవారం పెట్టె తెరిస్తే డ్రై ఐస్ గుప్పెడు కూడా లేదు, ట్యూబుల్లో ప్లాస్మా నీళ్లలా కదుల్తోంది. లోపల టెంపరేచర్ లాగర్ పెట్టాం కాబట్టి తెలిసింది, గీత మైనస్ 70ల్లో చక్కగా పోయి పోయి, ఆదివారం మధ్యాహ్నం నుంచి ఎక్కడం మొదలెట్టి 22 దగ్గర తీరిగ్గా పడుకుంది. ఆ గ్రాఫ్ ప్రింటు ఇప్పటికీ మా ఫ్రీజర్ తలుపుకే అతికించి ఉంది. లాగర్ లేకపోతే ఇంకా ఘోరం, దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టినా ఎవరికీ తెలీదు, దాని మీద పేపర్ కూడా రాసేస్తారు.

తడిచేయి
అమ్మో. అక్కా, ఆ ప్యాకింగ్ ఎలాగో కాస్త వివరంగా చెప్తారా? దూకుడు గారూ, తమ్ముణ్ని కాదండీ, చెల్లెల్ని :)

మైనస్ఎనభై
సరే విను. మనిషి రక్తం, ప్లాస్మా, పెద్ద ప్రమాదకరమైన జబ్బు అనుమానం లేనివి మామూలుగా కేటగిరీ బీ అనే రవాణా తరగతి కింద పోతాయి, యూఎన్ 3373 అని డైమండ్ ఆకారం గుర్తు. మూడు పొరలు ఉండాలి. లీకవ్వని ట్యూబు, దాని చుట్టూ పీల్చుకునే కాగితమో దూదో, అదంతా లీకవ్వని రెండో డబ్బాలో, దాన్ని గట్టి బయటి పెట్టెలో. డ్రై ఐస్ ఎప్పుడూ రెండో డబ్బాకీ బయటి పెట్టెకీ మధ్యనే, బిగుతుగా మూసిన డబ్బా లోపల పెడితే గ్యాస్ ఊరి ఊరి పేలుద్ది, జోక్ కాదు. బయటి పెట్టెకి కూడా గాలి పోయే దారి ఉండాలి, టేపుతో అన్ని వైపులా సీల్ చేసే ఉత్సాహవంతులు ప్రతి ల్యాబ్‌లో ఒకరుంటారు, వాళ్లని దూరంగా ఉంచు. పైన యూఎన్ 1845, క్లాస్ 9 లేబుల్, డ్రై ఐస్ ఎన్ని కిలోలో అంకె. సోమవారమే పంపాలి. అటువైపు సెలవులేంటో వాళ్లని అడిగి పంపాలి.

ఇంకోటి చాలామందికి తెలీదు. డ్రై ఐస్ అంటే కార్బన్ డయాక్సైడే కదా, ఆ గ్యాస్ మూత సందుల్లోంచి ట్యూబులో ఖాళీ ఉన్న చోటికి దూరుతుంది. కరిగించిన వెంటనే మూత తీయకుండా వదిలేస్తే అది ప్లాస్మాలో కలిసి పీహెచ్ పడిపోతుంది, కొన్ని ప్రోటీన్లు ముద్దకట్టేస్తాయి. అందుకని రబ్బరు రింగు ఉన్న స్క్రూ మూతలు వాడాలి, చేరాక వెంటనే కరిగించకుండా ఒకట్రెండు రోజులు మామూలు మైనస్ 80లో ఉంచమని వాళ్లకి రాసిపెట్టాలి.

సగటువిచలనం
ప్యాకింగ్ సరే గానీ ఏ పెట్టెలో ఏవి పెడుతున్నావ్ అనేది అంతకన్నా ముఖ్యం. జబ్బున్నవాళ్లవన్నీ ఒక పెట్టెలో, ఆరోగ్యంగా ఉన్నవాళ్లవన్నీ ఇంకో పెట్టెలో వేసి పంపే మహానుభావుల్ని చూశాను నేను. ఒక పెట్టె రెండ్రోజులు లేటైంది. రిజల్ట్ బ్రహ్మాండంగా వచ్చింది, రెండు గ్రూపులు ప్లాట్‌లో చెరోవైపు విడిపోయాయి. అది జబ్బు తేడానా పెట్టె తేడానా అంటే ఆ దేవుడు కూడా చెప్పలేడు, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని విడదీయలేదు. కలగలిపి పంపు, ర్యాండమైజ్ చేసి, ఆ లిస్టు నువ్వే తయారుచెయ్.

నీ ప్లాస్మా ఎలా తీశావో రాసుకున్నావా? "3000 ఆర్‌పీఎం, 10 నిమిషాలు" అని రాసి ఉంటే అది ఎందుకూ పనికిరాదు. రోటర్ (సెంట్రిఫ్యూజ్‌లో తిరిగే భాగం) రేడియస్ 10 సెంటీమీటర్లైతే 3000 ఆర్‌పీఎం అంటే సుమారు 1000 జీ, అంటే భూమి గురుత్వాకర్షణకి వెయ్యి రెట్లు. 17 సెంటీమీటర్లైతే 1700 జీ. అంకె ఒకటే, బలం వేరు. తక్కువ జీ దగ్గర ప్లేట్‌లెట్లు పూర్తిగా కిందికి దిగవు, ప్లాస్మాలోనే ఉండిపోతాయి, ఫ్రీజ్ చేసి కరిగించగానే పగిలి వాటిలో ఉన్నదంతా కక్కేస్తాయి. అప్పుడు ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 లాంటి వాటి ప్రోటీన్లు ఎక్కువ కనిపిస్తే కొత్త బయోమార్కర్, అంటే జబ్బుని పట్టిచ్చే గుర్తు, దొరికిందని పండగ చేసుకుంటారు. వాళ్లు తమ దేశం శాంపిల్స్‌తో నీవి పోల్చబోతుంటే ఇది ఇంకా ముఖ్యం, రెండుచోట్లా ఒకేలా తీయకపోతే మీరు కొలిచేది రెండు సెంట్రిఫ్యూజుల మధ్య తేడా.

ఎక్సెల్ షీట్ గురించి కూడా చెప్పేస్తా. తేదీలు 03/04 అని రాయకు, ఒక దేశంలో అది ఏప్రిల్ ఇంకో దేశంలో మార్చి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూడటానికి రక్తంలో కొలిచేది) ఏ యూనిట్లో ఉందో పైన రాయి, డెసిలీటరుకి మిల్లీగ్రాములని 88.4తో గుణిస్తే లీటరుకి మైక్రోమోల్స్ వస్తాయి, ఈ గుణకారం ఒకడు చేశాడనుకుని ఇంకొకడు, ఇంకొకడు చేశాడనుకుని ఒకడు... నీ సబ్జెక్టే కిడ్నీ కాబట్టి చెప్తున్నా. ప్రోటీన్లు, జీన్ల పేర్లు ఎక్సెల్‌లో పెట్టకు, సెప్ట్2ని సెప్టెంబర్ 2 చేసేస్తుంది, మార్చ్1ని మార్చి 1. అది ఎంత ముదిరిందంటే 2020లో నామకరణ కమిటీవాళ్లే తలొగ్గి జీన్ల పేర్లు మార్చేశారు, సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1 అని. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, మనిషి జీన్ పేరు మారింది!

సంతకాలసుబ్బు
యూనివర్సిటీ రీసెర్చ్ ఆఫీసులో అగ్రిమెంట్లు చూస్తాను. అందరూ ఐసు గురించీ అంకెల గురించీ మాట్లాడుతున్నారు, ఎంటీఏ ఉందా అసలు? మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ లేకుండా ఒక్క ట్యూబు కూడా గడప దాటకూడదు. దాని మీద మీ సార్ సంతకం చాలదమ్మా, యూనివర్సిటీ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్లు పెట్టాలి.

అందులో నేను వెతికే మాటలు: ఏ పనికి వాడతారు, ఆ పనికి మాత్రమేనా. మిగిలింది ఏం చేస్తారు, తిరిగి పంపుతారా పారేస్తారా. మూడోవాళ్లకి ఇవ్వొచ్చా. రా డేటా మీకు తిరిగి వస్తుందా, ఎన్నాళ్లకి. పేటెంట్ గట్రా వస్తే ఎవరిది. పేపర్‌కి ముందు ఎవరు ఎవరికి చూపించాలి, ఎన్నాళ్లు ఆపొచ్చు. కొరియర్ ఖర్చు ఎవరిది. పెద్ద ల్యాబులు వాళ్ల టెంప్లేట్ పంపి ఇది స్టాండర్డ్ అంటారు. స్టాండర్డే, వాళ్లకి. ఎర్రపెన్ను పట్టుకుని తిప్పి పంపు, ఎవరూ ఏమీ అనుకోరు, అటువైపు కూడా నాలాంటి సుబ్బు ఒకడు అందుకే జీతం తీసుకుంటున్నాడు.

దూకుడు
నగోయా ప్రోటోకాల్ కూడా వస్తుందేమో కదా దీనికి?

సంతకాలసుబ్బు
మనిషి శాంపిల్స్‌కి రాదు. 2010లో ఒప్పుకుని 2014లో అమల్లోకి వచ్చిన ఒప్పందం అది, మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవుల జన్యు వనరులకి. మనిషివి అందులోంచి బయటే ఉంచారు. కానీ అడిగినందుకు మెచ్చుకోవాలి, పొద్దున పంపేయ్ అన్నది తమరే :)

పాతప్రొఫెసర్
ఐసుకన్నా, అగ్రిమెంటుకన్నా ముందుది ఒకటుంది. ఆ రక్తం ఇచ్చినవాళ్లు దేనికి ఒప్పుకుని ఇచ్చారు? కన్సెంట్ ఫారమ్ తీసి చదువు, నువ్వు రాసిందే అయినా మళ్లీ చదువు. అమెరికాలో హవసుపాయి తెగవాళ్లు 1990ల్లో డయాబెటిస్ పరిశోధన అనుకుని అరిజోనా స్టేట్ యూనివర్సిటీవాళ్లకి రక్తం ఇచ్చారు. తర్వాత అదే రక్తాన్ని స్కిజోఫ్రీనియాకీ, వాళ్ల పూర్వీకులు ఎక్కణ్నుంచి వలస వచ్చారో తేల్చడానికీ వాడారని తెలిసింది. కేసు నడిచి నడిచి 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లకి రాజీ పడి, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చేసింది. అదీ ఒకే దేశంలో జరిగిన సంగతి. దేశాలు దాటితే ఎంత జాగ్రత్త కావాలో చూసుకో.

ఇంకొకటి కూడా గుర్తొస్తోంది. 2007లో ఇండోనేషియా తమ బర్డ్ ఫ్లూ వైరస్ శాంపిల్స్ ఇక పంపం అని కూర్చుంది. మా దగ్గర్నుంచి వైరస్ పోతోంది, దాంతో వ్యాక్సిన్ తయారవుతోంది, ఆ వ్యాక్సిన్ మాకు అందే దారి లేదు అని వాళ్ల బాధ. చాలామంది తిట్టారు అప్పట్లో. కానీ ఆ గొడవ వల్లే 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో శాంపిల్స్ పంచుకోవడానికీ లాభం పంచుకోవడానికీ కలిపి ఒక ఒప్పందం వచ్చింది. ఇచ్చేవాళ్లు నోరు తెరిస్తేనే వస్తాయమ్మా ఇలాంటివి.

అటువైపుల్యాబ్
ఇక్కడ అందరూ పెద్ద ల్యాబ్ అంటే దొంగల ముఠా అన్నట్టు మాట్లాడుతున్నారు, కొంచెం మా గోడు కూడా వినండి. నేను శాంపిల్స్ వచ్చే వైపు ఉంటాను, వేరే దేశంలో, ఏడేళ్లుగా. ఎక్సెల్‌లో 280 ఉంటాయి, పెట్టెలో 274 ఉంటాయి. బాల్‌పెన్నుతో రాసిన అంకెలు మంచు తుడవగానే చెరిగిపోతాయి. ఒకసారి లేబుళ్లన్నీ ఊడి పెట్టె అడుగున ఆకుల్లా రాలి ఉన్నాయి, ట్యూబులు మాత్రం తళతళలాడుతున్నాయి. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసే మందు) ట్యూబుల్లో తీసిన రక్తం పంపి పీసీఆర్, అంటే డీఎన్‌ఏ కాపీలు పెంచే పరీక్ష, చెయ్యమంటారు, హెపారిన్ పీసీఆర్‌ని ఆపేస్తుందని చెప్తే అలుగుతారు. మాస్ స్పెక్ టైమ్ మేం నెలల ముందు బుక్ చేసుకుంటాం, ఎంటీఏ ఎవరి టేబుల్ మీదో నిద్రపోతుంటే మా స్లాట్ పోతుంది, మా బాస్ నన్ను తింటాడు.

చెల్లీ, నువ్వు పేపర్లో పేరు సంగతి అడిగే బదులు ఒకటి అడుగు. శాంపిల్స్‌తో పాటు నేనూ వస్తా, మూడు నెలలు, నా శాంపిల్స్ నేనే రన్ చేస్తా అను. మా దగ్గరికి అలా వచ్చినవాళ్లు ముగ్గురున్నారు. వాళ్ల పేర్లు ఎక్కడ పెట్టాలి అనే చర్చే రాలేదు ఎప్పుడూ, డేటా వాళ్ల లాప్‌టాప్‌లో ఉంది, ఫిగర్లు వాళ్లు గీశారు, రాత్రి మెషిన్ ఆగిపోతే లేచి వచ్చింది వాళ్లు. పెట్టె మాత్రం వచ్చినవాళ్ల సంగతి వేరు, మనసులో మాట చెప్తున్నా, పెట్టె పంపినవాళ్ల మొహం మాకు గుర్తుండదు.

నిద్రలేనిపోస్ట్‌డాక్
పై మాట బంగారం. నేను పెట్టె మాత్రం పంపినదాన్ని. ఏడాదిన్నర పెంచిన సెల్స్ పంపాను, రెండేళ్ల తర్వాత పేపర్ వచ్చిందని ఎవరో ఫార్వర్డ్ చేస్తే తెలిసింది, చివర్లో థాంక్స్ చెప్పిన లిస్టులో నా పేరు ఉంది, అదీ స్పెల్లింగ్ తప్పుతో. గోరుచుట్టు మీద రోకటిపోటు.

అప్పుడు కూర్చుని చదివాను, మెడికల్ జర్నల్ ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ రూల్ ఏంటంటే ఆథర్ కావాలంటే నాలుగూ ఉండాలి, పనిలో గట్టి పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో పాత్ర, ఫైనల్ వెర్షన్‌కి ఒప్పుకోవడం, తప్పొస్తే జవాబు చెప్పే బాధ్యత. డేటా సేకరణ మొదటిదాని కిందికి వస్తుంది. కిటుకు ఏంటంటే, మొదటిది చేసినవాళ్లకి మిగతా మూడూ చేసే అవకాశం ఇవ్వాలని కూడా అక్కడే రాసి ఉంది. డ్రాఫ్ట్ చూపించకుండా ఉంచి, నువ్వు డ్రాఫ్ట్ చూడలేదు కాబట్టి ఆథర్ కావు అనడం కుదరదు. ఇప్పుడే, పెట్టె కదలకముందే, ఒక మెయిల్‌లో ఎవరు ఫస్ట్, ఎవరు లాస్ట్, ఇద్దరు ఫస్టా అని రాయించుకో. అడగడానికి మొహమాటం వేస్తుంది, నాకూ వేసింది, ఆ మొహమాటం ఖరీదు రెండేళ్లు.

ఇంకా మీటింగులు. ప్రతిసారీ నీకే రాత్రి పదకొండు కాకుండా ఒక నెల నీకు, ఒక నెల వాళ్లకి అని వంతులు వేసుకో. వాళ్ల దగ్గర ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారేమో కూడా కనుక్కో, నేను గంటసేపు ఖాళీ స్క్రీన్ ముందు కూర్చున్న రోజులున్నాయి.

తడిచేయి
(పది రోజుల తర్వాత) పాతప్రొఫెసర్ గారూ, మీరు చెప్పారని కన్సెంట్ ఫారాలు తీశా. కాళ్లు చల్లబడ్డాయి. మొదటి 118 మంది సంతకం పెట్టింది పాత వెర్షన్ మీద, అందులో "ఈ అధ్యయనానికి, ఈ సంస్థలో మాత్రమే" అని ఉంది. 119 నుంచి కొత్త వెర్షన్, అందులో విదేశీ సంస్థలతో పంచుకోవచ్చు అని ఉంది. అంటే పంపగలిగేది 194 మాత్రమే. సార్‌కి చెప్పడానికి రెండ్రోజులు భయపడ్డా. చెప్పాక ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, సరే ఎథిక్స్ కమిటీకి అమెండ్‌మెంట్ రాయి, ఆ 118 మందినీ మళ్లీ అడుగుదాం, ఒప్పుకోనివాళ్లవి ఇక్కడే ఉంటాయి అన్నారు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు.

మూడు నెలలు నేనూ వస్తానని మెయిల్ పెట్టించా. వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు, మేమే అడుగుదామనుకున్నాం అన్నారు! ఎంటీఏ సుబ్బు గారు చెప్పినట్టు ఎర్రపెన్నుతో పోయింది.

పాతప్రొఫెసర్
మంచిది. పేర్లు, పుట్టినరోజులు, ఆస్పత్రి నంబర్లు షీట్‌లో పోకూడదు, నంబరుకీ మనిషికీ ముడిపెట్టే లిస్టు నీ దగ్గర తాళంలో ఉండాలి. యూరప్ ల్యాబ్ అయితే 2018 నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, కోడ్ నంబరు వేసిన డేటా కూడా అక్కడ వ్యక్తిగత డేటా కిందికి రావచ్చు.

తడిచేయి
(నాలుగు నెలల తర్వాత) మళ్లీ వచ్చా. 119 నుంచి 312 వరకూ ఉన్నవాటిలోంచి ర్యాండమ్‌గా తీసిన 20 ట్యూబులు సోమవారం పంపాం, బుధవారం చేరాయి. లాగర్‌లో పైకి ఎక్కింది అంటే మైనస్ 71 వరకే. మైనస్ఎనభై అక్కా, మీకు దణ్ణం. సెంట్రిఫ్యూజ్ రోటర్ స్కేలు పెట్టి కొలిచా, ప్రోటోకాల్ మొత్తం జీలోకి మార్చి రాశా.

కానీ ఇవాళ వాళ్ల టెక్నీషియన్ మెయిల్ పెట్టింది. లిస్టులో 161 ఒకటి, 191 ఒకటి ఉన్నాయి. పెట్టెలో 161లు రెండున్నాయి, 191 లేదు. ఫోటో కూడా పెట్టింది. నాకేం అర్థం కావట్లేదు, 191 నేనే చేత్తో పెట్టా.

అటువైపుల్యాబ్
మూత మీద రాశావా నంబరు? గుండ్రటి మూత మీద?

తడిచేయి
అవును, మార్కర్‌తో. మీరు లేబుళ్ల గురించి చెప్పారు గానీ గడ్డకట్టిన ట్యూబు మీద మంచు వల్ల కొత్త లేబుల్ అంటుకోవట్లేదు, అందుకని పాతవే ఉంచా.

అటువైపుల్యాబ్
ఆ ఫోటో తలకిందులు చేసి చూడు.

తడిచేయి
అయ్యో దేవుడా.

సగటువిచలనం
ఏది ఏదో తేల్చొచ్చులే, కంగారుపడకు. ఆ ఇద్దరిలో ఒకరు ఆడ, ఒకరు మగ అయితే మాస్ స్పెక్ రిజల్ట్‌లో పీజడ్‌పీ చూడమను, ప్రెగ్నెన్సీ జోన్ ప్రోటీన్, గర్భం లేకపోయినా ఆడవాళ్లలో మామూలుగానే ఎక్కువ ఉంటుంది. అది క్లూ మాత్రమే సుమా, దాన్ని నమ్మి లిస్టు దిద్దకు. ఆ రెండు ట్యూబులూ లెక్కలోంచి తీసేసి కొత్త ఆలిక్వాట్లు పంపు.

మైనస్ఎనభై
6, 9 కింద గీత గీయడం అనేది ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరూ ఒకసారి ఇలా తగిలించుకునే నేర్చుకుంటారు. మిగతా ఆలిక్వాట్ల మూతల మీద గీతలున్నాయా చూడు ముందు.

తడిచేయి
చూశా అక్కా. 205 నుంచి ఉన్నాయి, ఎందుకు మొదలెట్టానో గుర్తులేదు. అంతకుముందువాటికి లేవు. ర్యాకు గళ్లలో వరసగానే ఉన్నాయి కాబట్టి గడి నంబరుతో సరిచూసుకుంటూ 6, 9 ఉన్న ప్రతి మూతకీ గీత గీస్తున్నా, డ్రై ఐస్ ట్రేలో పెట్టుకుని ఒక్కో ర్యాకు. 166 దాకా వచ్చా. చేతులు మొద్దుబారాయి, మళ్లీ రాస్తా.